అమెరికాలో ట్రక్కు భద్రత: ఫెడరల్ నిబంధనల్లో మీ రాష్ట్రం ఏవి స్వీకరించిందో తెలుసుకునే పద్ధతి

అమెరికాలో ఒకే ట్రక్కుకు, ఒకే డ్రైవర్‌కు సోమవారం ఒక పనిగంటల నియమం, గురువారం మరొక నియమం వర్తించవచ్చు. తోలిన రహదారి మారకపోయినా, ఎక్కించిన సరుకు ఎక్కడి నుంచి బయలుదేరి ఎక్కడికి చేరాలన్నదాన్ని బట్టి చట్టం మారిపోతుంది. డాలస్, హ్యూస్టన్ వంటి నగరాల్లో కిరాణా సరుకుల పంపిణీకో, చిన్న గిడ్డంగి వ్యాపారానికో ఒకటి రెండు ట్రక్కులు కొనే తెలుగువారు తరచుగా రెండు అభిప్రాయాల్లో ఏదో ఒకదానితో పని మొదలుపెడతారు. రాష్ట్రం దాటడం లేదు కాబట్టి ఫెడరల్ నిబంధనలు తమకు పట్టవన్నది మొదటిది. ఫెడరల్ నిబంధనల పుస్తకం ఒక్కటి చదివితే చాలన్నది రెండోది. రెండూ నష్టం తెచ్చేవే. మీ ట్రక్కుకు వర్తించే నియమం ఏదో మీరే తేల్చుకోవడానికి ఏయే కాగితాలు ఏ వరుసలో చూడాలో ఈ వ్యాసం వివరిస్తుంది.

ముందుగా ఈ ఏర్పాటును అర్థం చేసుకోవాలి

భారత రాజ్యాంగంలో మోటారు వాహనాలు ఉమ్మడి జాబితాలోని 35వ అంశం. అందువల్ల పార్లమెంటు చేసిన 1988 నాటి మోటారు వాహనాల చట్టం విజయవాడలోనూ వరంగల్‌లోనూ నేరుగా అమలవుతుంది. దాన్ని రాష్ట్రం విడిగా స్వీకరించనక్కరలేదు. ఈ అలవాటుతో అమెరికా చట్టాన్ని చదివితే దారి తప్పుతాం. అక్కడ ఫెడరల్ ప్రభుత్వానికి రాష్ట్రాల మధ్య జరిగే వాణిజ్యంపై అధికారం ఉంది గానీ, రాష్ట్ర పోలీసులను పిలిచి తన నిబంధనలను అమలు చేయమని ఆదేశించే అధికారం లేదు. 1997లో ప్రింట్జ్ కేసులో అక్కడి సుప్రీంకోర్టు ఈ సంగతిని స్పష్టం చేసింది. రహదారి పక్కన ట్రక్కును ఆపి తనిఖీ చేసే సిబ్బందిలో అత్యధికులు రాష్ట్ర ఉద్యోగులే కనుక, రాష్ట్రాలను కలుపుకోకుండా ఫెడరల్ భద్రతా నిబంధనలు కాగితం దాటి రోడ్డు మీదికి రావు.

ఈ చిక్కును నిధుల ద్వారా పరిష్కరించారు. 1982 నాటి ఉపరితల రవాణా సహాయ చట్టం మోటారు క్యారియర్ భద్రతా సహాయ కార్యక్రమాన్ని ఏర్పాటు చేసింది. దీన్ని అందరూ ఎంక్యాప్ అంటారు. తనిఖీ సిబ్బందికి, తూనిక కేంద్రాలలో పనికి, శిక్షణకు ఫెడరల్ ప్రభుత్వం సొమ్ము ఇస్తుంది. అందుకు బదులుగా రాష్ట్రం ఫెడరల్ నిబంధనలకు పొసగే నిబంధనలను తన చట్టంలో పెట్టుకుని అమలు చేయాలి. ఫెడరల్ నిబంధన మారినప్పుడు, అది అమల్లోకి వచ్చిన తేదీ నుంచి 3 సంవత్సరాల లోపు రాష్ట్రం కూడా తన నిబంధనను సరిచేసుకోవాలి. ఈ షరతులన్నీ ఫెడరల్ నిబంధనావళి 49వ టైటిల్, 350వ భాగంలో ఉన్నాయి. 2000 జనవరి 1న ఏర్పడిన ఫెడరల్ మోటారు క్యారియర్ భద్రతా సంస్థ, అంటే ఎఫ్‌ఎంసీఎస్‌ఏ, ఈ కార్యక్రమాన్ని నడుపుతోంది. మాట నిలుపుకోని రాష్ట్రానికి నిధులలో కోత మొదట 5 శాతంగా ఉండి, ఏటేటా పెరిగి, 50 శాతం దాకా వెళ్లవచ్చు. డ్రైవర్లకు ఇంగ్లిషు వచ్చి ఉండాలన్న నిబంధనను అమలు చేయడం లేదన్న కారణంతో 2025 అక్టోబరులో కాలిఫోర్నియాకు సుమారు 4 కోట్ల డాలర్లు నిలిపివేస్తున్నట్లు ఫెడరల్ రవాణా శాఖ ప్రకటించింది. రాష్ట్రాలు ఈ స్వీకరణను ఎందుకు అంత శ్రద్ధగా చూస్తాయో దీన్ని బట్టి తెలుస్తుంది.

మొదటి మెట్టు: ట్రక్కును వదిలి సరుకు ప్రయాణాన్ని చూడండి

అంతర్రాష్ట్ర రవాణా అంటే ట్రక్కు చక్రాలు రాష్ట్ర సరిహద్దు దాటడం ఒక్కటే కాదు. 49వ టైటిల్ 390.5 సెక్షన్‌లోని నిర్వచనం ప్రకారం మూడు సందర్భాలు దాని కిందికి వస్తాయి: సరుకు ఒక రాష్ట్రం నుంచి బయటి ప్రాంతానికి వెళ్లడం, ఒకే రాష్ట్రంలోని రెండు ఊళ్ల మధ్య తోలినా దారిలో మరో రాష్ట్రం మీదుగా పోవడం, రెండు ఊళ్లూ ఒకే రాష్ట్రంలో ఉన్నా, ఆ ప్రయాణం రాష్ట్రం బయట మొదలైన లేదా బయట ముగిసే సరుకు రవాణాలో ఒక భాగం కావడం.

ఈ మూడోదాని దగ్గరే ఎక్కువమంది తడబడతారు. హ్యూస్టన్ ఓడరేవులో దిగిన ఒక కంటెయినర్‌ను తీసుకుందాం. అందులో ఇండియా నుంచి వచ్చిన బియ్యం ఉంది. డాలస్ దగ్గరి గిడ్డంగికి చేర్చాలని రవాణా పత్రంలో ముందే రాసి ఉంది. మీ డ్రైవర్ హ్యూస్టన్‌లో ఎత్తుకుని డాలస్‌లో దించాడు. టెక్సాస్ దాటి అంగుళం కూడా పోలేదు. అయినా ఇది అంతర్రాష్ట్ర రవాణాయే, ఆ ప్రయాణానికి ఫెడరల్ నిబంధనలే వర్తిస్తాయి. అదే బియ్యం గిడ్డంగికి చేరి, సరుకు నిల్వలో కలిసి, తరువాత ఎప్పుడో ప్లేనోలోని ఒక దుకాణం ఆర్డరు పెడితే పంపారనుకోండి. అది రాష్ట్రం లోపలి రవాణా అని వాదించడానికి ఆధారం ఉంటుంది. సరుకును పంపినవాడు పంపేనాటికి దాన్ని చివరకు ఎక్కడికి చేర్చాలనుకున్నాడన్నదే కీలకం. కాబట్టి ప్రతి లోడుకూ బిల్ ఆఫ్ లేడింగ్, అంటే సరుకు రవాణా పత్రం, ప్రతిని దాచి, మొదట బయలుదేరిన చోటు, చివరి గమ్యం రెండింటినీ దాని మీద గుర్తు పెట్టుకోండి. రేపు వివాదం వస్తే మీ మాటకు అండగా నిలిచేది ఆ కాగితమే.

రెండు రకాల లోడులూ తోలే డ్రైవర్ల విషయంలో మరో జాగ్రత్త అవసరం. అంతర్రాష్ట్ర లోడు ఒకటి తోలిన డ్రైవర్, ఆ తరువాత రాష్ట్రం లోపలి లోడులకే పరిమితమైనా, తాను అనుసరించే పనిగంటల లెక్కను బట్టి (అయిదో మెట్టు చూడండి) మరో 7 లేదా 8 రోజుల పాటు ఫెడరల్ పనిగంటల పరిమితులలోనే ఉండాలి. నెలకు రెండు మూడు ఓడరేవు లోడులు తీసుకునే చిన్న సంస్థకు దీని అర్థం, నెలలో చాలా రోజులు ఫెడరల్ గడియారమే నడుస్తుందని.

రెండో మెట్టు: తలుపు అంచున ఉన్న బరువు స్టిక్కరును చదవండి

డ్రైవర్ వైపు తలుపు తెరిస్తే చట్రం మీద అంటించిన పట్టీ కనిపిస్తుంది. తయారీదారు నిర్ణయించిన గరిష్ఠ స్థూల బరువు అందులో జీవీడబ్ల్యూఆర్ అనే పేరుతో ఉంటుంది. వెనుక ట్రైలర్ తగిలిస్తే దాని పట్టీలోని బరువునూ చూడాలి. లాగే బండి, ట్రైలరు కలిసిన బరువు లెక్కకు వస్తుంది. అసలు తూకం ఈ అంకె కన్నా ఎక్కువైతే ఆ తూకాన్నే తీసుకుంటారు.

అంతర్రాష్ట్ర రవాణాలో 10,001 పౌండ్ల నుంచే ఫెడరల్ భద్రతా నిబంధనలు మొదలవుతాయి. రాష్ట్రం లోపలి రవాణాకు మాత్రం, 26,001 పౌండ్ల కన్నా తక్కువ బరువున్న బండ్లను మినహాయించడానికి 350వ భాగం రాష్ట్రాలకు వీలు కల్పించింది. హెచ్చరిక పలకలు పెట్టాల్సిన ప్రమాదకర పదార్థాలను మోసే బండ్లకు ఈ వెసులుబాటు లేదు. టెక్సాస్ ఆ వీలును వాడుకున్నది. అందువల్ల 9,900 పౌండ్ల పికప్‌కు 7,000 పౌండ్ల ట్రైలర్ తగిలించి ఆస్టిన్ నుంచి వేకో వరకు స్థానిక సరుకు తోలితే, మొత్తం 16,900 పౌండ్లే కనుక, సాధారణంగా ఆ బండి టెక్సాస్ స్వీకరించిన నిబంధనల పరిధిలోకి రాదు. అదే పికప్, అదే ట్రైలర్ మరునాడు ఓక్లహోమాకు సరుకు తీసుకువెళ్తే డ్రైవర్ వైద్య ధ్రువపత్రం మొదలు బండి వార్షిక తనిఖీ దాకా అన్నీ అవసరమవుతాయి.

మూడో మెట్టు: రాష్ట్ర స్వీకరణతో పని లేని వాటిని పక్కన పెట్టుకోండి

కొన్ని ఫెడరల్ నిబంధనలు సరుకు ఎక్కడికి పోతోందన్న ప్రశ్నతో నిమిత్తం లేకుండా వర్తిస్తాయి. 1986 నాటి చట్టం తెచ్చిన వాణిజ్య డ్రైవింగ్ లైసెన్సు, అంటే సీడీఎల్, ఇందులో మొదటిది. 383వ భాగం ప్రకారం 26,001 పౌండ్లు, ఆపైన బరువున్న బండ్లకు అది రాష్ట్రం లోపల కూడా ఉండాలి. 382వ భాగంలోని మాదక ద్రవ్య, మద్యం పరీక్షలు సీడీఎల్ అవసరమైన బండ్లు నడిపే డ్రైవర్లందరికీ ఉంటాయి. ఈ పరీక్షల్లో దొరికిన ఉల్లంఘనలను నమోదు చేసే, 2020 జనవరి 6 నుంచి నడుస్తున్న క్లియరింగ్‌హౌస్ అనే ఫెడరల్ జాబితాలో డ్రైవర్ పేరును ఉద్యోగంలోకి తీసుకునే ముందు, తరువాత ఏటా ఒకసారి వెతకాలి. ఈ మూడింటికీ మీ రాష్ట్ర చట్టంలో మినహాయింపు దొరుకుతుందని ఆశించి సమయం వృథా చేసుకోకండి.

లైసెన్సు కార్డును మాత్రం ఒకసారి తిప్పి చూడండి. దాని మీద కె అనే నిషేధ సూచిక ఉంటే ఆ డ్రైవర్ రాష్ట్రం లోపల మాత్రమే తోలాలని అర్థం. 21 ఏళ్లు నిండనివారికి సాధారణంగా ఇది ఉంటుంది. రాష్ట్రం లోపలి రవాణాకు 18 ఏళ్లు చాలునని 350వ భాగం ఒప్పుకుంటుంది గానీ అంతర్రాష్ట్ర రవాణాకు 21 నిండాలి. మొదటి మెట్టులోని హ్యూస్టన్ కంటెయినర్‌ను 19 ఏళ్ల డ్రైవర్ చేత తోలిస్తే, అతను టెక్సాస్ దాటకపోయినా ఉల్లంఘనే అవుతుంది.

నాలుగో మెట్టు: రాష్ట్రం స్వీకరించిన వాక్యాన్ని దాని మూలంలోనే చదవండి

ఇదే ఈ పని మొత్తానికి గుండెకాయ. రాష్ట్ర శాఖల కరపత్రాలు, భీమా ఏజెంట్ల సలహాలు, తోటి యజమానుల అనుభవాలు ఉపయోగపడతాయి. కానీ ఏ తేదీ నాటి ఫెడరల్ నిబంధన ఎన్ని మినహాయింపులతో అమల్లో ఉందో అవి సాధారణంగా చెప్పవు. స్వీకరణ వాక్యం చెబుతుంది.

ఆ వాక్యం కొన్ని రాష్ట్రాలలో శాసనసభ చేసిన చట్టంలో, కొన్నింటిలో ఒక శాఖ జారీ చేసిన పరిపాలనా నియమాలలో ఉంటుంది. టెక్సాస్‌లో రవాణా స్మృతి 644వ అధ్యాయం ప్రజా భద్రతా శాఖకు అధికారం ఇచ్చింది. ఆ శాఖ టెక్సాస్ పరిపాలనా నియమావళి 37వ టైటిల్, 4వ అధ్యాయంలో ఫెడరల్ భాగాలను స్వీకరించింది. 4.11 సెక్షన్ ఏవేవి తీసుకున్నారో చెబుతుంది, 4.12 సెక్షన్ ఎవరికి ఎంత సడలింపో చెబుతుంది. ఫ్లోరిడాలో 316.302 సెక్షన్ అనే శాసనమే ఆ పని చేస్తుంది. కాలిఫోర్నియా పద్ధతి వేరు: వాహన స్మృతి 34501 సెక్షన్ అధికారంతో అక్కడి హైవే పెట్రోల్ తన సొంత నియమాలను నియమావళి 13వ టైటిల్‌లో రాసుకున్నది, పనిగంటలు అందులో 1212 సెక్షన్ దగ్గర దొరుకుతాయి.

వాక్యం దొరికాక అందులో తేదీ ఉందేమో చూడండి. ఫ్లోరిడా శాసనం ఫెడరల్ నిబంధనలు ఫలానా సంవత్సరం డిసెంబరు 31న ఎలా ఉన్నాయో అలాగే స్వీకరిస్తున్నట్లు చెబుతుంది. శాసనసభ ఆ తేదీని అప్పుడప్పుడు ముందుకు జరుపుతుంది. ఇలాంటి రాష్ట్రంలో ఆ తేదీ తరువాత వచ్చిన ఫెడరల్ సవరణ రాష్ట్రం లోపలి రవాణాకు వెంటనే వర్తించదు. ఇంకొన్ని రాష్ట్రాలు 'ఎప్పటికప్పుడు సవరించిన విధంగా' అన్న మాట చేరుస్తాయి. అక్కడ ఫెడరల్ మార్పు దానంతట అదే వచ్చి చేరుతుంది. శాసనాధికారాన్ని బయటి సంస్థకు అప్పగించినట్లవుతుందన్న రాజ్యాంగ అభ్యంతరంతో కొన్ని రాష్ట్రాలు ఈ రెండో దారి తొక్కవు. చిన్న యజమానికి తేదీ వేసే పద్ధతి కాస్త శ్రమ పెడుతుంది గానీ, ఏ రోజు ఏ నియమం ఉందో నిక్కచ్చిగా చూపించగలిగేది అదేనని నా అభిప్రాయం.

తేదీ తెలిశాక ఫెడరల్ నిబంధనావళి ఎలక్ట్రానిక్ ప్రతిని తెరవండి. ఈసీఎఫ్ఆర్ అనే ఆ ప్రభుత్వ వెబ్‌సైటులో 2017 జనవరి నుంచి ఏ రోజుకు ఆ రోజు నిబంధన ఎలా ఉందో చూసే సౌకర్యం ఉంది. రాష్ట్ర చట్టంలోని తేదీని అక్కడ ఎంచుకుని, మీకు కావలసిన భాగాన్ని ఆ రూపంలోనే అచ్చు తీసి పెట్టుకోండి. ఇది ఎందుకు ముఖ్యమో ఒక ఉదాహరణ చాలు. 2020 సెప్టెంబరు 29న ఫెడరల్ పనిగంటల నిబంధనలు మారి, దగ్గరి దూరాల డ్రైవర్ల మినహాయింపు 100 ఎయిర్ మైళ్ల (సరళరేఖలో కొలిచే దూరం) నుంచి 150 ఎయిర్ మైళ్లకు, 12 గంటల నుంచి 14 గంటలకు పెరిగింది. రాష్ట్ర స్వీకరణ వాక్యంలోని తేదీ అంతకు ముందుదైతే, రాష్ట్రం విడిగా సడలింపు ఇవ్వని పక్షంలో, అక్కడి లోపలి రవాణాకు పాత 100 మైళ్ల హద్దే ఉంటుంది.

3 సంవత్సరాల గడువు ఉంది కదా, అది దాటితే అంతా ఒకటే అయిపోతుందని కూడా అనుకోకూడదు. గడువు రాష్ట్రానికీ ఫెడరల్ ప్రభుత్వానికీ మధ్య ఒప్పందం. రాష్ట్రం ఆలస్యం చేసినా, రాష్ట్రం మార్చేవరకు లోపలి రవాణాకు రాష్ట్ర చట్టమే చట్టం. పనిగంటలను నమోదు చేసే ఎలక్ట్రానిక్ పరికరం, అందరూ ఈఎల్‌డీ అనేది, ఫెడరల్ స్థాయిలో 2017 డిసెంబరు 18 నుంచి తప్పనిసరి అయింది. కాలిఫోర్నియా రాష్ట్రం లోపలి డ్రైవర్లకు అది 2024 జనవరి 1న గానీ రాలేదు.

అయిదో మెట్టు: సడలింపులను ఒక్కొక్కటిగా రాసుకోండి

పనిగంటలలో తేడా బాగా కనిపిస్తుంది. సరుకు రవాణాకు ఫెడరల్ నియమం ఇది: వరుసగా 10 గంటల విశ్రాంతి తరువాత 11 గంటలు తోలవచ్చు, డ్యూటీకి వచ్చిన 14వ గంట దాటాక తోలకూడదు, 8 గంటలు తోలితే 30 నిమిషాల విరామం ఉండాలి, 7 రోజుల్లో 60 గంటలు లేదా 8 రోజుల్లో 70 గంటల డ్యూటీ తరువాత బండి తీయకూడదు. 350వ భాగం రాష్ట్రాలకు ఇచ్చిన హద్దు ఇంతకన్నా విశాలం: 12 గంటల డ్రైవింగ్, 16వ గంట వరకు, 7 రోజుల్లో 70 లేదా 8 రోజుల్లో 80 గంటలు.

ఈ హద్దుల లోపల ఒక్కొక్క రాష్ట్రం ఒక్కొక్క చోట నిలిచింది. ఫ్లోరిడా దాదాపు పూర్తిగా వాడుకున్నది. కాలిఫోర్నియా 12 గంటలు, 16వ గంట, 8 రోజుల్లో 80 గంటలు అన్నది. టెక్సాస్ 8 గంటల విశ్రాంతి తరువాత 12 గంటల డ్రైవింగ్‌ను, 15 గంటల డ్యూటీని, 7 రోజుల్లో 70 గంటలను అనుమతించింది. ఉదయం 6 గంటలకు డ్యూటీకి వచ్చిన డ్రైవర్ గిడ్డంగి గేటు దగ్గర 3 గంటలు ఆగాడనుకుందాం. అంతర్రాష్ట్ర లోడైతే ఆ నిరీక్షణతో సంబంధం లేకుండా రాత్రి 8 గంటలకు బండి నిలిపివేయాలి. ఫ్లోరిడాలో రాష్ట్రం లోపలి లోడైతే రాత్రి 10 వరకు గడువు ఉంటుంది.

ఇక్కడ నా సలహా స్పష్టం: చట్టం 12 గంటలు ఇచ్చినంత మాత్రాన డ్రైవర్ చేత 12 గంటలు తోలించనక్కరలేదు. 80,000 పౌండ్ల బండి అలసిన చేతుల్లో ఎంత ప్రమాదమో సరిహద్దుకు ఇవతలా అవతలా ఒకటే. పైగా రెండు రకాల లోడులు కలగలిపి తోలే సంస్థలో అందరికీ ఫెడరల్ లెక్కనే పెట్టడం వల్ల, ఏ రోజు ఏ గడియారమన్న తికమక కూడా పోతుంది.

మిగతా సడలింపులను త్వరగా చూసుకోవచ్చు. వయసు సంగతి పైన చెప్పాను. వైద్య అర్హతలో కొన్ని రాష్ట్రాలు తమ సొంత మినహాయింపు పత్రాలు ఇస్తాయి. అవి ఆ రాష్ట్రం దాటితే చెల్లవు. సీడీఎల్ తీసుకునేటప్పుడు డ్రైవర్ తాను అంతర్రాష్ట్రమా, రాష్ట్రం లోపలా, మినహాయింపు ఉన్నవాడా, లేనివాడా అని నాలుగు వర్గాల్లో ఒకటి తానే ప్రకటిస్తాడు. ఆ ప్రకటన మీ లోడులతో సరిపోలుతోందో లేదో యజమానిగా మీరు చూసుకోవాలి. వ్యవసాయ వాహనాలకు చాలా రాష్ట్రాలు విడి నియమాలు పెట్టాయి. టెక్సాస్‌లో రైతు సొంత బండికి బరువు హద్దు 48,000 పౌండ్లు.

ఆరో మెట్టు: రాష్ట్రం కఠినంగా ఉన్న చోట ఏం చేయాలి

రాష్ట్రాలు సడలించడమే కాదు, కొన్నిసార్లు బిగిస్తాయి కూడా. అప్పుడు అమెరికా చట్ట స్మృతి 49వ టైటిల్ 31141 సెక్షన్ రంగంలోకి వస్తుంది. రాష్ట్ర నియమం ఫెడరల్ నియమం కన్నా కఠినమై, దానివల్ల భద్రతకు ప్రయోజనం లేదనో, ఫెడరల్ నియమంతో పొసగదనో, అంతర్రాష్ట్ర వాణిజ్యానికి మితిమీరిన భారమనో ఎఫ్‌ఎంసీఎస్‌ఏ తేలిస్తే దాన్ని అమలు చేయకుండా ఆపవచ్చు. 5 గంటల పనిలోపు 30 నిమిషాల భోజన విరామం, ప్రతి 4 గంటలకు 10 నిమిషాల విశ్రాంతి ఇవ్వాలన్న కాలిఫోర్నియా కార్మిక నియమాలు, ఫెడరల్ పనిగంటల పరిధిలోని సరుకు రవాణా డ్రైవర్లకు వర్తించవని 2018 డిసెంబరులో ఇలాగే నిర్ణయించింది; తొమ్మిదో సర్క్యూట్ అప్పీలు కోర్టు 2021 జనవరిలో ఆ నిర్ణయాన్ని సమర్థించింది. అటువంటి నిర్ణయం వెలువడేవరకు మాత్రం రాష్ట్ర నియమాన్ని పాటించాల్సిందే. అది చెల్లదని మీకై మీరు తీర్మానించుకుని పక్కన పెట్టకండి.

ఏడో మెట్టు: నంబర్లు, భీమా, నమోదు

అంతర్రాష్ట్ర రవాణాకు యూఎస్‌డాట్ నంబరు, అంటే రవాణా సంస్థకు ఫెడరల్ ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు సంఖ్య, తప్పదు. టెక్సాస్, కాలిఫోర్నియా సహా అనేక రాష్ట్రాలు లోపలి రవాణాకు కూడా అదే నంబరు అడుగుతాయి. దానికి తోడు టెక్సాస్‌లో మోటారు వాహనాల శాఖ ఇచ్చే నంబరు, కాలిఫోర్నియాలో మోటారు క్యారియర్ పర్మిట్ ఉంటాయి. యూఎస్‌డాట్ నంబరు కోసం నింపే ఎంసీఎస్-150 ఫారంలో మీ రవాణా ఏ రకమో గుర్తు పెట్టే చోట, మొదటి మెట్టులో తేల్చుకున్నదాన్నే రాయండి. ఈ ఫారాన్ని ప్రతి 24 నెలలకు నవీకరించాలి. మీ డాట్ నంబరులోని చివరి అంకె నెలను, దాని ముందు అంకె సరి సంవత్సరమా బేసి సంవత్సరమా అన్నదాన్ని నిర్ణయిస్తాయి.

భీమాలోనూ తేడా ఉంది. అద్దెకు సాధారణ సరుకు మోసే 10,001 పౌండ్ల పైబడిన అంతర్రాష్ట్ర బండికి 7,50,000 డాలర్ల బాధ్యతా భీమా కనీసం ఉండాలి. టెక్సాస్ లోపల 26,000 పౌండ్లు దాటిన బండికి 5,00,000 డాలర్లు చాలు. పాలసీ తక్కువదై, ఓడరేవు లోడు ఎత్తుకున్న రోజున ప్రమాదం జరిగితే వచ్చే చిక్కును ఏజెంటుతో ముందే మాట్లాడుకోండి.

ఎనిమిదో మెట్టు: తనిఖీ నివేదికను మీ పట్టికతో సరిచూడండి

పై మెట్లలో తేలినవన్నీ ప్రతి ట్రక్కుకూ ఒక పేజీగా రాయండి: బరువు, తోలే లోడుల రకం, స్వీకరణ సెక్షన్, అందులోని తేదీ, వర్తించే సడలింపులు, డ్రైవర్ వయసు, వైద్య వర్గం. ఒక ప్రతి క్యాబ్‌లో, ఒకటి ఆఫీసులో ఉంచండి. శాసనసభ సమావేశాలు ముగిశాక ఏటా ఒకసారి స్వీకరణ వాక్యంలోని తేదీ మారిందేమో చూసి పేజీని తిరగరాయండి.

రోడ్డు మీద తనిఖీ జరిగితే ఇచ్చే నివేదికను డ్రైవర్ మీకు అందించాలి. అందులోని లోపాలను సరిచేసి, సంతకం చేసి 15 రోజుల లోపు తిరిగి పంపాలి. నివేదికలో ప్రతి ఉల్లంఘన పక్కన సెక్షన్ సంఖ్య ఉంటుంది. రాష్ట్రం లోపలి లోడుకు ఫెడరల్ 11 గంటల పరిమితి కింద ఉల్లంఘన రాసి ఉంటే, ఆనాటి బిల్ ఆఫ్ లేడింగ్, రాష్ట్ర సడలింపు సెక్షన్ ప్రతి జతచేసి డేటాక్యూస్ అనే ఫెడరల్ వెబ్ వ్యవస్థ ద్వారా సమీక్ష కోరవచ్చు. ఆ అభ్యర్థన తనిఖీ చేసిన రాష్ట్రానికే వెళ్తుంది. ఉల్లంఘనలు 24 నెలల పాటు మీ సంస్థ భద్రతా లెక్కల్లో నిలుస్తాయి కాబట్టి, నివేదిక చేతికి వచ్చిన వారంలోనే ఈ పని పూర్తి చేయండి.